బోర్డో మందు

ఆ పాత వైన్ సీసాను నిలబెట్టి అప్పటికి రెండు రోజులైంది. వంటింట్లో ఫ్రిజ్ పక్క మూలలో, కిటికీ వెలుతురు తగలకుండా ఒక అట్టపెట్టె అడ్డం పెట్టి ఉంచాను. నాయన పొద్దున కాఫీకి వచ్చినప్పుడల్లా దాని వైపు ఒకసారి చూసి, "ఏమిరా, ఇంకా తెరవలేదే" అంటాడు. ఆయన మందు ముట్టడు. కానీ ఏదైనా వస్తువును ముట్టుకోవద్దు, కదపొద్దు అని చెబితే చాలు, ఆయన ధ్యాసంతా దాని మీదే ఉంటుంది.

నిజానికి శనివారం సాయంత్రమే తెరవాల్సింది. అమ్మ ఒప్పుకోలేదు. "శనివారం పూట ఇంట్లో ఆ సీసా తెరిస్తే నేను పోయి మెట్ల మీద కూర్చుంటా" అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఆదివారానికి వాయిదా వేశాను. ఆ ఒక్క రోజు ఆలస్యం మేలే చేసింది, మడ్డి ఇంకాస్త బాగా అడుక్కు దిగింది.

మాది తాడిపత్రి దగ్గర పల్లె. నాయనకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. నేను ఐదేళ్లుగా ఫ్రాన్స్‌లో, బోర్డో నగరంలో ఉంటున్నాను. ఆఫీసు ఊరి పక్కనే మెరిన్యాక్‌లో. 2024 అక్టోబరులో అమ్మా నాయనా మొదటిసారి వచ్చారు. సీసా మాత్రం అంతకు ఐదు నెలల ముందే వచ్చింది.

మా ఇంటి ఓనరు ఎనభై దాటిన పెద్దాయన. కింది అంతస్తులో ఒక్కరే ఉంటారు. మే నెలలో ఆయన ఆదాయపు పన్ను కాగితాలు ఆన్‌లైన్‌లో నింపిపెట్టాను. గంట పని. దానికి ఆయన నేలమాళిగలోకి దిగి, బూజు పట్టిన సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. లేబుల్ తడికి సగం ఊడిపోయింది. మిగిలిన పసుపు కాగితం మీద ఒక పెద్ద భవనం బొమ్మ, కింద షాతో ద్యూక్రు-బోకాయూ, సాన్-జూలియన్, 1996 అని ఉంది. షాతో అంటే సొంత ద్రాక్షతోట ఉన్న వైన్ ఎస్టేట్, సాన్-జూలియన్ అది ఉన్న ఊరు, 1996 ద్రాక్ష పండిన ఏడాది. ఇంటికొచ్చి ధర వెతికి చూశాను. వెంటనే కిందికెళ్లి తిరిగి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "నేను ఒక్కణ్నే తెరిస్తే సగం పారబోయాలి. నువ్వు తెరిచే రోజు నన్ను పిలువు" అన్నారు.

పిలుస్తాను గానీ, అప్పటిదాకా ఎక్కడ దాచాలి? మాది పై అంతస్తు. ఎండాకాలం కొన్ని రోజులు నలభైకి దగ్గరగా పోతుంది. వేడికి సీసాలోని ద్రవం వ్యాకోచించి కార్కును పైకి తోస్తుంది, సందులోంచి గాలి దూరుతుంది, ఆపైన పుల్లబడటమే. వైన్‌కు కావలసింది పన్నెండు, పదమూడు డిగ్రీల చల్లదనం, కాస్త తేమ, చీకటి. కార్కు ఎండకుండా సీసా పడుకునే ఉండాలి. ఇవన్నీ ఉన్నది ఆయన నేలమాళిగలోనే. అందుకని ఆయనిచ్చిన బహుమతిని ఐదు నెలలు ఆయన దగ్గరే దాచుకున్నాను.

ఇంత జాగ్రత్తకు ఒక కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఆదివారం సంతలో ఒక పాత సీసా చూసి ముచ్చటపడి కొన్నాను. డెబ్బైల నాటిది, పదిహేను యూరోలు. ఇంటికొచ్చి తెరిస్తే వెనిగర్, తడిసిన పాత పేపర్ల వాసన. పెద్దాయన ఆ ఖాళీ సీసా చూసి, "కొనేటప్పుడు వైన్ ఎక్కడిదాకా ఉంది?" అని అడిగారు. సీసా భుజం కంటే కిందికే ఉంది. "అయితే నువ్వు కొన్నది గాలి" అన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ కార్కులోంచి కొంచెం కొంచెం ఆవిరైపోతుంది. వైన్ మెడలోనే ఉంటే నమ్మొచ్చు, భుజం దిగితే దండం పెట్టి వదిలేయాలి. ఈ 1996 సీసాలో మట్టం మెడ అడుగున ఉంది.

నాయన వచ్చిన మొదటి వారంలోనే అడిగాడు. "28 ఏండ్లు దాచేదానికి అందులో ఏముంది?" నాకు తెలిసినంత చెప్పాను. సాన్-జూలియన్ ఉండే మెడోక్ ప్రాంతంలో రెడ్ వైన్ ఒకే ద్రాక్షతో చేయడం అరుదు. ప్రధానంగా రెండు రకాలు. కాబర్నే సోవిన్యోన్‌ది చిన్న కాయ, మందం తొక్క, దండిగా వగరు, పంటకు ఆలస్యంగా వస్తుంది. మెర్లో మెత్తన, ముందే పండుతుంది. వీటిని విడివిడిగా పులియబెట్టి, తర్వాత రుచి చూసుకుంటూ ఆ ఏడాదికి ఏ పాళ్లు నప్పుతాయో తేల్చి కలుపుతారు. 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర దాకా ఉంచి సీసాల్లో నింపుతారు. కోతల వేళకు వాన పడితే ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలబడుతుంది. 1996లో అదే జరిగింది. సెప్టెంబరు వానలు ముందు పండిన మెర్లోను ఇబ్బంది పెట్టాయి, ఆ తర్వాత కాసిన ఎండలు కాబర్నేకు కలిసొచ్చాయి.

"అంటే మనం వేరుశనగలో కంది సాళ్లు వేసినట్లు" అన్నాడు నాయన. ఇంతకంటే బాగా ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ గురువారం సెలవు పెట్టి వాళ్లను సాన్-జూలియన్ తీసుకెళ్లాను. బోర్డో నుంచి ఉత్తరంగా, జిరోండ్ నదీముఖం వెంబడి గంట ప్రయాణం. ఊరి దగ్గర రోడ్డు పక్కన ఒక రాక్షసి సీసా బొమ్మ నిలబెట్టి ఉంటుంది. అమ్మ దాన్ని చూసి మొహం తిప్పుకుంది. కోతలు అయిపోయాయి, ఆకులు ఎర్రబారుతున్నాయి. ముందుగా అపాయింట్‌మెంట్ లేకపోతే షాతోల లోపలికి పోనివ్వరు కాబట్టి తోటల మధ్య రోడ్డు మీదే నడిచాం. ద్యూక్రు-బోకాయూ భవనం నదికి ఎదురుగా, మిట్ట మీద, రెండు చివరలా చదరపు బురుజులతో కనిపిస్తుంది. సీసా మీది బొమ్మ అదే. బోకాయూ అంటే అందమైన గులకరాయి. ద్యూక్రు 1795లో దీన్ని కొన్న ఆసామి ఇంటిపేరు. 1855లో ప్యారిస్ ప్రదర్శన కోసం వ్యాపారులు మెడోక్ వైన్‌లను ధరలను బట్టి ఐదు తరగతులుగా విడగొట్టినప్పుడు ఇది రెండో తరగతిలో నిలిచింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నాయనకు భవనం పట్టలేదు. వంగి నేలను చూస్తున్నాడు. గుడ్డు సైజు గులకరాళ్లు, వాటి కింద ఇసుక. "ఈ నేలలో ఏం పండుతుందిరా, నీళ్లు నిలవవు కదా" అన్నాడు. నీళ్లు నిలవకపోవడమే ఇక్కడ కావాలి. వేరు లోతుకు పోతుంది, పగటి ఎండకు కాగిన రాయి రాత్రి ఆ వేడిని వదులుతుంది, కాయ బాగా పక్వానికొస్తుంది. చెప్పాను. నమ్మినట్లు కనిపించలేదు. ఒక మొదలు దగ్గర కూర్చుని, నేలకు కాస్త పైన ఉబ్బుగా ఉన్న చోట వేలు పెట్టాడు.

"ఇది అంటు."

అవును, అంటు మొక్కే. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు అమెరికా నుంచి వచ్చి ఫ్రాన్స్ ద్రాక్ష వేళ్లను తినేసింది. అమెరికా తీగల వేళ్లు ఆ పురుగును తట్టుకుంటాయి. అందుకని వాటిని తెప్పించి, పైన తమ రకాలను అంటు కట్టుకున్నారు. మేము రంగపూర్ నిమ్మ మొదలు మీద చీనీ అంటు కట్టినట్లే.

అక్కడి నుంచి నాలుగడుగులు వేశాక ఇంకో తోటలో, అదెవరిదో తెలియదు, తీగలను నిలబెట్టే గుంజల మీద నీలం మరక కనిపించింది. ఆ ఏడు వానలు విపరీతం, బూజు తెగులు రైతులను ఏడిపించిందని ఆఫీసులో కూడా చెప్పుకున్నారు. నాయన గోటితో ఆ మరక గీకి, ఎండలోకి పెట్టి చూశాడు.

"మైలుతుత్తం. సున్నం కలిపిన తుత్తం. మన బోర్డో మందు కదరా ఇది!"

అక్కడే ఆగిపోయాం. మైలుతుత్తమంటే కాపర్ సల్ఫేట్. చీనీ చెట్టుకు బెరడు పగిలి బంక కారే తెగులు వస్తే మొదలుకు పూసే నీలం ముద్ద, ఆకులకు కొట్టే నీలం నీళ్లు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. వేసవి సెలవుల్లో చెట్ల మొదళ్లకు బ్రష్‌తో ఆ ముద్ద పూసింది కూడా నేనే. ఐదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, రోజుకు పదిసార్లు బోర్డో అనే మాట పలుకుతూ, ఆ రెండూ ఒకటేనని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నాయనకైతే బోర్డో అన్నది మందు పేరే. "కంపెనీ పేరు అనుకుంటి. ఊరు పేరా?" అన్నాడు.

అక్కడే గట్టు మీద కూర్చుని ఫోనులో వెతికి చదివి వినిపించాను. అంటు కోసం అమెరికా తీగలు తెప్పిస్తే వాటి వెంట బూజు తెగులూ వచ్చిపడింది. 1878 నాటికి ఫ్రాన్స్‌లో ఆకులు రాలడం మొదలైంది. బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మియార్దే 1882 అక్టోబరులో ఇదే సాన్-జూలియన్‌లో నడుస్తూ పోతుంటే, తోటలన్నీ ఆకు రాల్చి మోడుగా ఉంటే, బాట పక్క వరసలు మాత్రం పచ్చగా కనిపించాయి. వాటి ఆకుల మీద నీలం పూత. ఏమిటని అడిగితే, దారిన పోయేవాళ్లు కాయలు కోసుకుపోకుండా తుత్తం, సున్నం కలిపి చల్లామన్నారు. చూడ్డానికి విషంలా ఉంటుంది, నోట్లో పెడితే చేదు. అది జరిగింది ద్యూక్రు-బోకాయూ తోటలో. ఆ ఎస్టేట్ వ్యవహారాలు చూసే ఎర్నెస్ట్ డేవిడ్‌తో కలిసి ప్రయోగాలు చేసి, పాళ్లు తేల్చి, మియార్దే 1885లో ఆ మందును ప్రకటించాడు. దానికి బోర్డో పేరు అట్లా వచ్చింది.

నాయన పూర్తిగా విన్నాడు. "దొంగల కోసం కొడితే తెగులు పోయిందన్నమాట" అని నవ్వి, "పాళ్లు ఎంతంట?" అన్నాడు. నేను చెప్పేలోపే తనే అందుకున్నాడు. ఒక శాతం మందుకు కిలో తుత్తం యాభై లీటర్లలో, కిలో సున్నం యాభై లీటర్లలో విడిగా కరగబెట్టాలి. ఇనుప డ్రమ్ము వాడకూడదు. కలిపాక కొడవలి మొన ముంచి చూడాలి, దాని మీద ఎర్రగా రాగి అంటితే సున్నం చాలనట్లు. ఏ రోజుది ఆ రోజే కొట్టేయాలి. ఇది ఆయన వందసార్లు చెప్పిందే, నేను ఎప్పుడూ సగంలో వదిలేసిందే.

ఆ ఉత్సాహంలో ఇంకాస్త ఉత్తరంగా పోయి సాన్-తెస్తెఫ్‌లో కోస్ దెస్తూర్నెల్ కూడా చూపించాను. దాని మీద ఆసియా గుడి గోపురాల లాంటి శిఖరాలుంటాయి. ఇండియాకు వైన్ ఎగుమతి చేసిన యజమాని ఆ మోజుతో కట్టించుకున్నాడు. కారు దిగకముందే అమ్మ చెప్పులు విప్పబోయింది. ఏ దేవుడి గుడి అని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను.

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు పెద్దాయన ఇస్త్రీ చొక్కాతో పైకొచ్చారు. జేబులోంచి ఒక పరికరం తీశారు. ఇక్కడ దాన్ని బిలామ్ అంటారు. మామూలు మరమేకు కాదు, పిడికి రెండు పలుచని రేకులు, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. కార్కుకూ గాజుకూ మధ్య వాటిని దూర్చి, అటూ ఇటూ ఊపుతూ దించి, మెలితిప్పుతూ లాగాలి. పాత కార్కు లోపల మరమేకు దిగితే పొడైపోతుందట, అందుకని.

మూతి మీది తొడుగు కోశాను. కింద కార్కు నెత్తిన నల్లటి బూజు. నా మొహం చూసి ఆయన, "మంచిదే, కార్కు తేమగా ఉందని గుర్తు" అన్నారు. తడిగుడ్డతో తుడిచాను. పొడవు రేకు ముందు, తర్వాత పొట్టిది. నేను కాస్త గట్టిగా నొక్కాను కాబోలు, కార్కు ఒక వేలి వెడల్పు కిందికి దిగింది. పెద్దాయన ఏమీ అనలేదు గానీ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మెల్లగా తిప్పుతూ లాగాను. వచ్చింది, వచ్చింది, టక్కున సగమే వచ్చింది. కింది సగం నానిన రస్కులాగా లోపలే ఉండిపోయింది. చెమటలు పట్టాయి.

మిగతా ముక్కను ఆయనే మామూలు మరమేకు ఏటవాలుగా దించి, గాజు గోడకు ఆనించి పైకి తెచ్చారు. నాలుగు పలుకులు లోపల పడ్డాయి. వడకట్టక తప్పదు. కాఫీ ఫిల్టర్ కాగితం వద్దన్నారు, కాగితం రుచి వస్తుందట. గుడ్డకు సబ్బు వాసన. ఇంట్లో ఉన్నది టీ జాలీ ఒక్కటే, అది అల్లం టీ వాసన. అంతసేపూ అటు తిరిగి కూర్చున్న అమ్మ లేచింది. జాలీని రెండుసార్లు మరగబెట్టి, వాసన చూసి, ఇంకోసారి మరగబెట్టి తెచ్చిచ్చింది. "రేపు దీంట్లో నేను టీ పోసుకోను, కొత్తది కొను" అని కూడా చెప్పింది.

ఇక వంచడం. సీసాను ఒక్కసారి వంచితే మళ్లీ ఎత్తకుండా, ఒకే ధారగా గాజు జగ్గులోకి పోయాలి. మెడ కింద వెలుతురు పెట్టి చూస్తూ, మడ్డి నల్లటి గీతలాగా మెడ వైపు రాగానే ఆపేయాలి. పెద్దాయన చేతులు వణుకుతాయి. నా చేతులు కార్కు విరిగినప్పటి నుంచి వణుకుతున్నాయి. నాయన ఇదంతా చూసి, "తేట వంచేదే కదా. ఇట్లియ్యి" అన్నాడు.

అమ్మ నోరు తెరిచి మూసుకుంది.

నేను ఫోను టార్చి మెడ కింద పట్టుకున్నాను, పెద్దాయన జాలీ పట్టుకున్నారు, జీవితంలో మందు ముట్టని మా నాయన ఆ సీసాను రెండు చేతులతో ఎత్తి వంచాడు. సన్నని ధార. గాజులోంచి ఎర్రగా వెలుతురు. దాదాపు రెండు నిమిషాలు పట్టింది. సున్నం తేర్చి తేట వంచిన చెయ్యి అది, ఎక్కడా తడబడలేదు. నల్ల గీత సీసా భుజం మలుపులోకి రాగానే నేను చెప్పకముందే నిలిపేశాడు. బోర్డో సీసా భుజాలు నిటారుగా ఉండేది మడ్డిని పట్టి ఆపడానికి పనికొస్తుంది. అడుగున అర గ్లాసు మిగిలింది. పెద్దాయన నాయన చేయి పట్టుకుని ఊపారు. ఫ్రెంచిలో ఏదో అన్నారు. నాయనకు అర్థమైంది, అనువాదం అడగలేదు.

గ్లాసులో పోసి తెల్ల కాగితం మీదికి వంచి చూశాం. కొత్త వైన్ నేరేడు రసంలా ఊదాగా ఉంటుంది. దీని అంచు కాల్చిన ఇటుక రంగుకు దిగింది. మొదటి వాసన పాత ట్రంకు పెట్టె తెరిచినట్లు వచ్చింది. నా మొహంలో నిరాశ కనిపించి ఉంటుంది, పెద్దాయన గడియారం చూపించి ఆగమన్నారు. ఇరవై నిమిషాల తర్వాత అదే గ్లాసు వేరేగా ఉంది. చెక్కిన పెన్సిల్ పొట్టు, ఎండు పొగాకు, వాన పడిన తర్వాత రాలిన ఆకుల తేమ. వాటన్నిటి కింద పండు కూడా ఉంది, తాజాది కాదు, ఎండింది. నాయనకు గ్లాసు ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎండు నేరేడు" అని వెంటనే తిరిగిచ్చేశాడు.

నోట్లో వగరు ఉంది. కానీ కొరికిన మొదటి నిమిషం వక్కలా కాదు, చాలాసేపు నమిలిన వక్కలా, మెత్తగా. తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చిన వగరు పదార్థాలూ, రంగు పదార్థాలూ ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుంటూ పెద్దవై, బరువెక్కి అడుక్కు దిగుతాయి. నాయన సీసాలో ఆపిన మడ్డిలో చాలా భాగం అదే. గ్లాసులో రంగు తగ్గింది, వగరు నెమ్మదించింది రెండూ అందుకే. దీన్ని 1999లో తాగి ఉంటే నాలుక పీక్కుపోయేదని పెద్దాయన నవ్వారు.

ఎనిమిది గంటలకు అది ఎంత బాగుందంటే మేమిద్దరం మాట్లాడటం మానేశాం. తొమ్మిదిన్నరకు జగ్గులో మిగిలింది పలుచబడి, పులుపు తేలింది. నేను పొదుపుగా దాచుకున్న ఆఖరి గ్లాసే అన్నిట్లోకీ చప్పగా తగిలింది. అది నా తప్పు. పాతవాటిని గాలిలో అంతసేపు ఉంచకూడదు.

తర్వాత అమ్మ సంగటి, కోడిపులుసు పెట్టింది. ముందే పెట్టకుండా బతిమాలుకున్నాను. అనంతపురం కారానికీ పాత బోర్డోకూ పొత్తు కుదరదు, ఆ మంట ముందు ఈ సన్నని వాసనలేవీ నిలవవు. పెద్దాయన ముక్కు తుడుచుకుంటూ రెండోసారి పులుసు వేయించుకున్నారు. నన్ను అడిగితే, ఇంత ధర పెట్టి ఇలాంటి సీసా నేనై నేను కొనను. ఇస్తే మాత్రం వద్దనను.

మరుసటి పొద్దున నాయన హాల్లో నిలబడి ఊరికి ఫోను చేశాడు. పక్క తోట ఆయనతో, స్పీకరు పెట్టి, గట్టిగా.

"ఒరే, బోర్డో మందు పుట్టిన ఊర్లోనే ఉండామురా మేము. ఆ తోటకే పోయి వచ్చినాం. రాత్రి మావోడికి చేత కాకపోతే నేనే వంచి పోసినా."

అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత మెల్లగా, "అన్నా, నువ్వు మందు మొదలుపెట్టినావా? వదినకు తెలుసునా?" అని వినిపించింది.

వంటింట్లో అమ్మ నవ్వు. నాయన ఫోను నోటికి ఇంకాస్త దగ్గర పెట్టుకుని, "ఆ మందు కాదురా, ముందు విను. కిలో తుత్తం, కిలో సున్నం..." అని మొదటి నుంచి మొదలుపెట్టాడు.